పాత మ్యాపు, రంగేసిన ఫోటో, మాయమైన చెరువు: మీరడిగారు, మేం చెబుతున్నాం

మూసీ వరద మీద పోయిన సంచికలో వ్యాసం వేశాక వచ్చిన ఉత్తరాలు చాలావరకు ఒకే సంగతి చుట్టూ తిరిగాయి. కంప్యూటర్‌లో మ్యాపులు, ఫోటోలు, 3డీ బొమ్మలు పెట్టుకుని చరిత్ర తెలుసుకోవచ్చా, అలా తెలిసినదాన్ని ఎంతవరకు నమ్మొచ్చు అని. అన్నిటికీ చోటు చాలదు కాబట్టి కొన్ని ఎంచాం, ఒకేలాంటివి రెండు మూడు వస్తే కలిపేశాం.

నేను ఎం.ఏ. హిస్టరీ చదువుతున్నాను. 1908 వరద తర్వాత మూసీ ఒడ్డు ఎలా మారిందన్నది నా డిసర్టేషన్. పాత మ్యాపును ఇప్పటి మ్యాపు మీద పరిచి చూడమని మా సార్ అన్నారు. వరద నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో కూడా మ్యాపులో చూపిస్తే బాగుంటుందన్నారు. నాకు కంప్యూటర్ అంటే ఎక్సెల్ వరకే వచ్చు. చేయగలనా? – ఓ విద్యార్థిని, తార్నాక

చేయగలరమ్మా, టెన్షన్ పడకండి. క్యూజీఐఎస్ అని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఉంది. అందులో జియోరెఫరెన్సర్ తెరిచి, స్కాన్ చేసిన పాత మ్యాపు మీద ఒక చోట క్లిక్ చేసి, ఇప్పటి మ్యాపులో అదే చోటు ఎక్కడుందో చూపించాలి. ఇలా ఓ పది పదిహేను చోట్లు చూపిస్తే పాత మ్యాపు తిరిగి, సాగి, కొత్తదాని మీద కూర్చుంటుంది. క్లిక్ చేయడం ఎవరికైనా వస్తుంది, తంటా అంతా ఆ చోట్లు ఎంచుకోవడంలోనే.

మీ అంశానికి సరిగ్గా పనికొచ్చేవి లియొనార్డ్ మన్ ఆధ్వర్యంలో 1912-15 మధ్య తయారైన హైదరాబాద్ మున్సిపల్ సర్వే మ్యాపులు. ఒక్కో ఇంటి గోడ, ఒక్కో గల్లీ విడిగా కనిపించేంత పెద్ద స్కేలు వాటిది. వరద వచ్చింది 1908 సెప్టెంబర్ 28న, నగరాన్ని బాగుచేయడానికి ప్రత్యేకంగా బోర్డు పెట్టింది 1912లో. అంటే పాత ఊరు చెరిగిపోయి కొత్త ఊరు ఇంకా పూర్తిగా లేవని నడిమి కాలంలో తీసిన లెక్క అది, అంతకంటే మంచి సమయం దొరకదు. కానీ అందుకే జాగ్రత్త కూడా కావాలి. మూసీ ఒడ్డున ఇవాళ మన కంటికి ముందుగా ఆనేవి హైకోర్టు, ఉస్మానియా ఆస్పత్రి. హైకోర్టు భవనం పూర్తయింది 1919లో, ఆస్పత్రి భవనం 1925 నాటిది. వాటి కోసం ఆ మ్యాపులో వెతికితే ఉండవు, వాటి చోట ఇంకేదో కట్టడం కనిపిస్తే అదే ఇదనుకుని క్లిక్ చేశారంటే మ్యాపంతా ఓ పక్కకి లాగేస్తుంది. చార్మినార్ మూలలు, మక్కా మసీదు, బాద్‌షాహీ అషుర్‌ఖానా, 1578 నాటి పురానాపూల్ రెండు చివరలు, కోఠీలో రెసిడెన్సీ భవనం, ఇలాంటివి ఎంచుకోండి. రోడ్డు కూడళ్లని వీలైనంత వరకు వదిలేయండి, వెడల్పు చేసినప్పుడు వాటి మధ్యబిందువు జరిగిపోతుంది. అన్నీ చార్మినార్ చుట్టుపక్కలే పెట్టకుండా మ్యాపు నాలుగు అంచుల దాకా పరచాలి. పురానాపూల్ దగ్గర ఒక్క చోటూ పెట్టకపోతే మీకు అసలు కావలసిన నది ఒడ్డే తేలిపోతుంది.

ఇంకో మెలిక ఉంది, ఇది ట్యుటోరియల్ వీడియోల్లో పెద్దగా చెప్పరు. పాత మ్యాపును సాగదీయడానికి సాఫ్ట్‌వేర్ కొన్ని పద్ధతులు ఇస్తుంది. 'పాలినోమియల్ 1' అన్నది మ్యాపును తిప్పుతుంది, ఏటవాలుగా సాగదీస్తుంది గానీ లోపల వంకర తిప్పదు. 'థిన్ ప్లేట్ స్ప్లైన్' అన్నది రబ్బరు షీటులా ఎక్కడ పిన్ను గుచ్చితే అక్కడికి లాగేస్తుంది. దాంతో చేస్తే మీరిచ్చిన చోట్లన్నీ అచ్చుగుద్దినట్టు కలుస్తాయి, తేడా సున్నా అని చూపిస్తుంది, చూసినవాళ్లు శభాష్ అంటారు. కానీ మీరు తప్పు చోట క్లిక్ చేసినా అది సున్నాయే చూపిస్తుంది! కాబట్టి ముందు పాలినోమియల్‌తో చేసి, ఒక్కో చోట ఎంత తేడా వస్తోందో పట్టికలో చూసుకోండి. అన్నిచోట్లా రెండు మూడు మీటర్లు వచ్చి ఒక్కచోట ముప్ఫై వస్తే, మీరు తప్పు క్లిక్ చేసి ఉండాలి, లేదా కాగితం మడత దగ్గర సాగి ఉండాలి, లేదా ఆ కట్టడాన్ని పడగొట్టి పక్కన మళ్లీ కట్టి ఉండాలి. మూడోదైతే మీ డిసర్టేషన్‌కి ఒక పేజీ దొరికినట్టే. ఆ తేడాల పట్టికను అనుబంధంలో తప్పకుండా ఇవ్వండి, వైవాలో అడిగేది అదే.

ఇక వరద నీళ్ల సంగతి. ఇంటర్నెట్‌లో దొరికే ఎత్తుల డేటా తీసుకుని, నీటిమట్టం ఇంత అని నంబరు కొడితే ఊరంతా నీలం రంగు నిండిపోయే మ్యాపు పది నిమిషాల్లో వచ్చేస్తుంది. దయచేసి అది చేయకండి. ఉచితంగా దొరికే ఎస్ఆర్‌టీఎం డేటా 2000 ఫిబ్రవరిలో అంతరిక్ష నౌక నుంచి రాడార్‌తో కొలిచింది, ఒక్కో గడి సుమారు 30 మీటర్లు. పాతబస్తీలో 30 మీటర్లంటే రెండు గల్లీలు, వాటి మధ్య ఇళ్లు. ఎత్తులోనూ కొన్ని మీటర్ల తేడా ఉంటుంది, కట్టడాలున్నచోట రాడార్ మేడల పైకప్పుల్ని కూడా నేలలో కలిపేసి చెబుతుంది. పైగా అది కొలిచింది వందేళ్ల మట్టి, గోడలు, చెత్త పోసిన తర్వాతి ఒడ్డును.

బదులుగా రాతలో దొరికిన ప్రతి ఆనవాలునూ ఒక చుక్కగా పెట్టండి. ఫలానా గోడ మీద నీటి గీత, ఫలానా బస్తీ కొట్టుకుపోయిందన్న నివేదిక, ఫోటోలో కూలిన వంతెన, ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టెక్కి సుమారు 150 మంది బతికారన్న కథనం. సర్కారు కాగితానికి ఒక గుర్తు, ఫోటోకి ఒకటి, నోటిమాటకి ఇంకొకటి పెడితే చూడగానే ఏది ఎంత గట్టిదో తెలుస్తుంది. చుక్కలు లేని చోట నష్టం లేదని మాత్రం రాయకండి, అక్కడి సంగతి ఎవరూ రాసి పెట్టలేదన్నదే దానర్థం. హవేలీ కూలితే ఫైలు కదులుతుంది, గుడిసె పోతే కదలదు. నన్నడిగితే మీ డిసర్టేషన్ మొత్తంలో చదవదగ్గ అధ్యాయం ఆ ఖాళీల మీద రాసేదే. ఎక్కడ గల్లీ మధ్యలో తెగిపోయి ఇప్పుడు పార్కో ఆఫీసో ఉందో గుర్తు పెట్టుకుని, మీ ఇంటికి దగ్గర్లోనే ఉన్న రాష్ట్ర ఆర్కైవ్స్‌కి వెళ్లి ఆ బస్తీ పేరుతో ఫైళ్లు అడగండి.

మా అపార్ట్‌మెంట్ చెరువులో కట్టారని వాట్సాప్ గ్రూపులో ఒకరు శాటిలైట్ ఫోటో పెట్టారు. అప్పటినుంచి మా ఆవిడకి నిద్ర లేదు. యాభై అరవై ఏళ్ల కింద ఇక్కడ ఏముందో నాకు నేనుగా చూసుకునే మార్గం ఉందా? – బ్యాంకు ఉద్యోగి, నిజాంపేట

ఉందండీ. అమెరికా వాళ్లు 1960 నుంచి 1972 దాకా 'కొరోనా' అనే గూఢచారి ఉపగ్రహాలతో చాలా దేశాల్ని ఫోటోలు తీశారు (ఆ జబ్బుకి దీనికి సంబంధం లేదు లెండి). 1995లో ఆ రహస్యాన్ని ఎత్తేశారు. అమెరికా భూగర్భ సర్వే సంస్థ వాళ్ల ఎర్త్ ఎక్స్‌ప్లోరర్ సైటులో వెతుక్కోవచ్చు, ఎవరైనా ఒకసారి డబ్బు కట్టి స్కాన్ చేయించిన ఫ్రేములు తర్వాత అందరికీ ఉచితం. చివరి తరం కెమెరాలతో తీసినవైతే దాదాపు రెండు మీటర్ల వస్తువు దాకా తెలుస్తుంది, చెరువు కట్ట శుభ్రంగా కనిపిస్తుంది. దీనికి తోడు సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్లు (గుట్టలు, వాగులు, చెరువులు చూపే మ్యాపులు) చూడండి, హైదరాబాద్ 56కె వరుసలో వస్తుంది. మన బాలానగర్‌లో ఉన్న ఎన్ఆర్ఎస్‌సీ (జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం) వాళ్ల భువన్ సైటు, గూగుల్ ఎర్త్‌లో వెనక్కి జరిపే గీత కూడా పనికొస్తాయి గానీ అవి ఈమధ్య కాలానికే.

ఫోటో దొరకగానే తీర్పు చెప్పేయకండి. ముందు తేదీ చూడండి. అక్టోబర్‌లో తీస్తే ప్రతి గుంటా చెరువులాగే ఉంటుంది, మే నెలలో తీస్తే నిజమైన చెరువు కూడా మైదానమే. నలుపు తెలుపు ఫోటోలో నీళ్లూ నల్లగానే ఉంటాయి, తడిసిన నల్లరేగడీ నల్లగానే ఉంటుంది. అందుకే నీళ్ల కోసం కంటే కట్ట కోసం వెతకండి, దాని చివర అలుగు, కింద పక్క వరి మడులు ఉంటే అది చెరువే. మనవి గొలుసుకట్టు చెరువులు కాబట్టి పైనొకటి కిందొకటి ఉంటాయి, రెంటి మధ్య వాగు దారి మీ అపార్ట్‌మెంట్ కిందుగా పోతోందా అన్నది చెరువు కంటే ముఖ్యం. ఇంకో సంగతి, ఆ కెమెరాలు అటూఇటూ ఊగుతూ పొడుగాటి పట్టీలుగా తీసేవి, పట్టీ చివర్లలో నేల ఆకారం సాగిపోతుంది. మీ స్థలం ఫోటో అంచున పడితే యాభై మీటర్లు అటో ఇటో అన్న వాదనకి ఆ ఫోటో పనికిరాదు.

కొలతల తగాదాకి బొమ్మ చాలదు, కాగితం కావాలి. 1954-55 కాస్రా పహాణీలో (సర్కారు భూమి రికార్డు) మీ సర్వే నంబరు శిఖం భూమిగా, అంటే చెరువు నేలగా రాసి ఉందా, పట్టాగా రాసి ఉందా చూడండి. ఊరి నక్షాతో పోల్చండి. ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీళ్లు చేరే మట్టం) హద్దు ఎక్కడ పెట్టారో అధికారికంగా అడిగి తీసుకోండి. చెరువుల ఆక్రమణల్ని తొలగించే సర్కారు సంస్థ హైడ్రా వచ్చాక వాట్సాప్‌లో తిరిగే శాటిలైట్ బొమ్మల్లో చాలావాటికి తేదీ కూడా ఉండదు, తేదీ లేని బొమ్మను చూసి నిద్ర పాడుచేసుకోవడం ఎందుకని మీ ఆవిడతో చెప్పండి.

మా తాతగారి 1930ల నాటి ఫోటోకి ఏఐ యాప్‌తో రంగులు వేయించాను. షేర్వాణీ ఆకుపచ్చగా వచ్చింది, ముఖం కూడా చాలా స్పష్టంగా ఉంది. మా పెద్దత్తయ్య మాత్రం 'మా నాన్న ఇలా లేడు' అని కోప్పడింది. కుటుంబ చరిత్ర పుస్తకంలో వేయాలనుకుంటున్నా. వేయొచ్చా? – గృహిణి, చిక్కడపల్లి

మీ పెద్దత్తయ్యగారి మాటే నెగ్గింది. ఆ కాలంలో చాలా ప్లేట్లు, ఫిల్ములు ఎరుపుని పట్టుకోలేవు. ఎరుపు దాదాపు నల్లగా పడుతుంది, నీలం తెల్లబారిపోతుంది. పాత ఫోటోల్లో ఆకాశం ఎప్పుడూ తెల్ల కాగితంలా ఉండేది అందుకే. అంటే ఫోటోలో నల్లగా కనబడే షేర్వాణీ నిజంగా నలుపైనా కావచ్చు, ముదురు ఎరుపైనా కావచ్చు. యాప్‌కి ఇదేదీ తెలియదు. లక్షల ఫోటోలు చూసి, ఇలాంటి బట్టకి సాధారణంగా ఏ రంగు ఉంటుందో ఆ రంగు వేసేస్తుంది. ముఖం స్పష్టంగా వచ్చిందన్నారే, అది ఇంకా పెద్ద గొడవ. మసకగా ఉన్నచోట కన్ను, ముక్కు ఎలా ఉండాలో అదే కొత్తగా గీసేస్తుంది, అది మీ తాతగారి ముక్కు కాదు. 2021లో ఇలాంటిదే పెద్ద రచ్చ అయింది. కంబోడియాలో ఖ్మేర్ రూజ్ అనే పాలకుల జైల్లో చంపేయడానికి ముందు తీసిన ఖైదీల ఫోటోలకి ఒకాయన రంగులద్దుతూ కొన్ని ముఖాల మీద చిరునవ్వు కూడా పెట్టాడు. ప్రచురించిన సంస్థ ఆ వ్యాసాన్ని తీసేయాల్సి వచ్చింది.

పుస్తకంలో అసలు ఫోటోనే వేయండి. సరదాకి రంగుది కూడా వేయాలనిపిస్తే పక్కన చిన్నగా, 'రంగులు ఊహ' అని రాసి వేయండి. కానీ అంతకంటే ముందు అసలు ఫోటోని 600 డీపీఐలో టిఫ్ ఫైలుగా స్కాన్ చేయించండి, వెనకవైపు కూడా. చాలామంది వెనకవైపు వదిలేస్తారు, తేదీ, స్టూడియో ముద్ర, ఎవరి చేతిరాతో ఉండేది అక్కడే. స్క్రీన్ మీద పెద్దది చేసి వెనకున్న పరదా, కుర్చీ, కాలిజోళ్లు చూడండి. అదే పరదా ఇంకో బంధువు ఫోటోలో కనిపిస్తే ఇద్దరూ ఒకే స్టూడియోకి వెళ్లారని తెలుస్తుంది, ఆ ఫోటోకి తేదీ ఉంటే దీనికీ ఉజ్జాయింపుగా దొరుకుతుంది. పెద్దత్తయ్యగారిని పక్కన కూర్చోబెట్టుకుని షేర్వాణీ రంగేమిటో అడిగి, ఆవిడ చెప్పింది తేదీతో సహా రాసిపెట్టండి. యాప్ కంటే అదే మేలైన ఆధారం.

నేను, నా ఫ్రెండ్స్ కలిసి 1591 నాటి హైదరాబాద్‌ని వీఆర్‌లో చూపించే ప్రాజెక్ట్ చేస్తున్నాం. కళ్లజోడు పెట్టుకుంటే చార్మినార్ బజారులో నడుస్తున్నట్టే ఉంటుంది. మీకు పంపిన వీడియో చూసి అభిప్రాయం చెప్పండి. – సాఫ్ట్‌వేర్ ఇంజనీర్, గచ్చిబౌలి

చూశాం తమ్ముడూ. చాలా అందంగా ఉంది, అదే భయం. మీ చార్మినార్ మీద గడియారాలున్నాయి, అవి పెట్టింది 1889లో. వెనక మక్కా మసీదు పూర్తిగా కట్టేసి ఉంది, అది పూర్తయింది 1694లో, అప్పటికి కుతుబ్‌షాహీల పాలనే పోయింది. బండి మీద టమాటాల గుట్ట ఉంది, ఓ మూల చాయ్ హోటల్ లాంటిదేదో ఉంది, వాటి గురించి మాట్లాడకపోవడమే మంచిది. ఇవన్నీ చెరిపేయడం తేలిక. చెరపలేనిది ఇంకోటుంది. చార్మినార్ ఇప్పటికీ నిలబడి ఉంది, కొలిచి గీశారు, సరే. దాని పక్కన మీరు గీసిన రాజభవనం ఇప్పుడు లేదు. తావెర్నియే, థెవెనో లాంటి ఫ్రెంచి యాత్రికులు తర్వాతి శతాబ్దంలో రాసిన వర్ణనలున్నాయి, మాటల్లో. మాటల నుంచి మీరు కిటికీలు, ద్వారాలు, రంగులు తయారుచేశారు. బజారులో మనుషుల బట్టలు దక్కనీ చిత్రాల నుంచి తీసుకున్నామన్నారు, ఆ చిత్రాలు దర్బారు వాళ్లవి. కూరగాయలమ్మే ఆవిడకి అమీరుగారి బట్టలు కట్టారన్నమాట. వీఆర్‌లో ఇవన్నీ ఒకే గట్టిదనంతో, ఒకే మెరుపుతో కనబడతాయి, నిజంగా ఉన్న రాయికీ మీరు ఊహించిన రాయికీ తేడా తెలియదు. పదో తరగతి పిల్లాడు చూస్తే జీవితాంతం అదే హైదరాబాద్ అనుకుంటాడు.

ఇలాంటి బొమ్మల కోసమే లండన్ చార్టర్ అని ఒక నియమావళి ఉంది, 2006లో మొదలై 2009లో సవరించారు. అందులో గట్టిగా చెప్పేది ఒకటే: ప్రతి గోడకీ అది అలా ఎందుకు గీశారో, దేన్ని చూసి గీశారో, ఏం చూసి వద్దనుకున్నారో రాసి బొమ్మతోపాటు ఉంచాలి. మీరు ఒక బటన్ పెట్టండి. అది నొక్కితే ఇప్పటికీ ఉన్నవి రాతి రంగులో, వర్ణనల నుంచి గీసినవి లేత రంగులో, పూర్తిగా ఊహించినవి గాజులాగా పారదర్శకంగా మారాలి. నొక్కగానే సగం బజారు గాజైపోతుంది, చూసేవాళ్లకి నిరాశే. అయినా పెట్టండి. ఇంకా నన్నడిగితే ఆ గాజు బజారే మొదట కనబడాలి, అందమైనది బటన్ నొక్కితే రావాలి. దీనికి మీ ఇన్వెస్టర్ ఒప్పుకోడని తెలుసు.

సూర్యాపేట దగ్గర మా ఊళ్లో గుడి వెనక ఒక శాసనం ఉంది. అక్షరాలు అరిగిపోయాయి. సుద్ద పూసి ఫోటో తీస్తే కనబడతాయని ఒకరన్నారు. – రిటైర్డ్ టీచర్, దిల్‌సుఖ్‌నగర్

సుద్ద వద్దు సార్, పసుపు వద్దు, నూనె అసలే వద్దు. పూసేవాడికి ఏ గీత అక్షరమో ముందే ఒక అభిప్రాయం ఉంటుంది, ఆ అభిప్రాయమే ఫోటోలో పడుతుంది. చీకటి పడ్డాక వెళ్లి, ఫోన్‌ని స్టాండ్ మీద కదలకుండా పెట్టి, టార్చి లైటుని రాయికి దాదాపు ఆనించినట్టు పక్కనుంచి వేయండి. గుంటల్లో నీడ పడి అక్షరం లేస్తుంది. లైటు దిశ మారుస్తూ కుడి నుంచి, ఎడమ నుంచి, పై నుంచి, కింది నుంచి తీయండి, ఒక దిక్కులో దాగిన గీత ఇంకో దిక్కులో బయటపడుతుంది. ఇలా తీసిన ఫోటోల్ని కలిపి, స్క్రీన్ మీదే వెలుతురుని అటూఇటూ తిప్పి చూసే పద్ధతిని ఆర్‌టీఐ అంటారు (సమాచార హక్కు చట్టం కాదు, రెండూ పనికొచ్చేవే). అదైతే రాయి పక్కన నున్నటి నల్లగోళీ ఒకటి పెట్టి తీయాలి, దాని మీద మెరుపు ఎక్కడ పడిందో చూసి సాఫ్ట్‌వేర్ లైటు దిశ కనుక్కుంటుంది. 3డీ కావాలంటే పగలు నీడపట్టున, ఒక ఫోటోకి పక్క ఫోటోకి మూడింట రెండొంతులు కలిసేలా రాయి చుట్టూ తిరుగుతూ తీయాలి. స్కేలు ఒకటి పక్కన పెట్టండి. బెంగళూరులో మిథిక్ సొసైటీ వాళ్లు ఊళ్లలో శాసనాల్ని 3డీలో స్కాన్ చేస్తున్నారు, మన దగ్గరా ఉత్సాహవంతులు ఆ పని చేస్తే బాగుండును.

ఫోటోలు రాష్ట్ర పురావస్తు శాఖకి పంపండి, శాసనం చదవగలిగినవాళ్లకి చూపించండి. ఏఐ చాట్‌ని మాత్రం చదవమనకండి. అరిగిన అక్షరానికి అది తడుముకోదు, గడగడా ఏదో ఒక దానం, ఏదో ఒక రాజు పేరు చెప్పేస్తుంది.

నిజాం కాలం కాగితాలతో టైమ్‌లైన్ చేస్తున్నాను. ఫసలీ సంవత్సరానికి (అప్పటి రెవెన్యూ లెక్కల ఏడాది) 590 కలిపితే ఇంగ్లిష్ సంవత్సరం వస్తుందంటారు, నిజమేనా? – డిగ్రీ లెక్చరర్, నల్లకుంట

సగం నిజం. హైదరాబాద్ సర్కారు ఫసలీ అక్టోబర్‌లో మొదలవుతుంది, కాబట్టి 1318 ఫసలీ అంటే 1908 అక్టోబర్ నుంచి 1909 అక్టోబర్ దాకా. కోస్తా వైపు పాత మద్రాసు ఫసలీ జూలైలో మొదలవుతుంది, రెండు చోట్ల కాగితాలూ వాడుతుంటే కలిపేయకండి. నెల తెలియని కాగితాన్ని టైమ్‌లైన్‌లో చుక్కగా కాకుండా ఏడాది పొడవున్న గీతగా పెట్టండి. మూసీ వరదనే తీసుకోండి, అది వచ్చింది 1908 సెప్టెంబర్ చివర్లో కాబట్టి సర్కారు లెక్కలో 1317 కిందికి పోతుంది. దానికి కళ్లు మూసుకుని 590 కలిపితే 1907 వస్తుంది, మీ టైమ్‌లైన్‌లో వరద ఏడాది ముందే వచ్చేస్తుంది.